బెల్మీరు తన మీద వేసుకున్న గాటు

పట్టపగలు, నలభై మంది కూలీలు చూస్తుండగా పోలీసులు బెల్మీరు చేతులు వెనక్కి విరిచి కట్టారు. దొరగారి బెండుచెట్టుకు గాయం చేశాడట! సీసా బిరడాల కోసం అలెంతేజూ అడవుల్లో ముప్పై ఏళ్లుగా బెరడు ఒలుస్తున్న మనిషి. ఆయన గొడ్డలి బెరడు దాటి మానును ఏనాడూ తాకలేదని ఆ పోలీసుల పెళ్లాలకు కూడా తెలుసు.

ఆ గాటు అడెలీనుది.

బెరడు ఒలవడం జంట పని. చెట్టుకు ఆ పక్కొకడు, ఈ పక్కొకడు. స్నేహితుడు జెర్మాను తండ్రి అయిన బెల్మీరు తనను జంటగా తీసుకున్ననాడు అడెలీను కాళ్లు నేలమీద ఆనలేదు. సొంత తండ్రి తాగి పడి ఉంటే, వాడికి చిన్నప్పటినుంచీ మనిషంటే బెల్మీరే. టోపీ కూడా ఆయనలాగే వెనక్కి నెట్టుకునేవాడు.

ఆ ఉదయం బెల్మీరు మేస్త్రీ పినేరు మొహమ్మీదే అన్నాడు: "పొద్దు పొడిచిందగ్గర్నుంచి గూకేదాకా ఇక చెయ్యం. ఎనిమిది గంటలే." ఆ మాట తనే అన్నట్టు అడెలీను ఛాతీ పొంగింది. ఆ జోరులోనే గొడ్డలి లోతుగా దిగిపోయింది.

"ఎవడిదిరా ఈ గాటు?" మేస్త్రీ అరిచాడు.

అడెలీను నోరు పెగల్లేదు.

"నాదే," అన్నాడు బెల్మీరు, చెట్టుకు అవతలి పక్కనుంచి.

రెండు రోజులు అడెలీను జెర్మానుకు ఎదురుపడకుండా తప్పుకు తిరిగాడు. మూడోనాడు జెర్మానుకు అంతా చెప్పేశాడు. జెర్మాను కొట్టలేదు, తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది.

"నాకు చెప్తే ఏం లాభంరా? మా అమ్మ జైలు గుమ్మం దగ్గర కూచుంది. చెప్పాల్సిన చోట చెప్పు."

మర్నాడు పొద్దున్నే అడెలీను కూలీలందరి ముందూ చెప్పాడు. "మేస్త్రీ, ఆ గాటు నాది. ఆయన్ని వదిలిపెట్టించండి."

పినేరు నవ్వాడు. "నువ్వు నించున్న పక్కన పడ్డ గాటు ఎవడిదో నాకు తెలీదనుకున్నావా? చెట్టుదేముందిరా, మానుతుంది. ఎనిమిది గంటలన్న నోరు ముయ్యాలిగా! పో, పని చూసుకో."

అడెలీనుకు సిగ్గేసింది. తప్పు ఒప్పుకుంటే తన గుండె తేలికవుతుంది, అంతే. బెల్మీరుకు ఒరిగేదేమీ లేదు. గొడ్డలి తెచ్చి, ఆ గాయపడ్డ చెట్టు మొదట్లో పెట్టాడు.

"బెల్మీరు మామ వచ్చేదాకా ముట్టను."

"నువ్వొక్కడివి ముట్టకపోతే అడవి ఆగిపోద్దా?"

"ఒక్కడేంటి?" బెరడు మోసే ఇనాసియా అత్త మోపు దబ్బున పడేసింది. "ఇంకో మూడు వారాలు పోతే ఒలిచే కాలం దాటి బెరడు మానుని కరుచుకుపోద్ది. అప్పుడు మీ దొరని గోళ్లతో పీక్కోమను!"

జనం గొల్లున నవ్వారు. గొడ్డళ్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. జెర్మాను కూడా దించాడు, అడెలీను వైపు మాత్రం చూడలేదు.

బెల్మీరును పట్టుకెళ్లిన ఐదోనాడు పోలీసులు మళ్లీ వచ్చారు. "ముందు గొడ్డలి దించిందెవడు?"

"నేనే," అన్నాడు అడెలీను. ఈసారి నోరు వెంటనే పెగిలింది. నాలుగు రోజులు ఆలస్యంగా పెగిలిందన్న బాధ మాత్రం పోలేదు.

సంకెళ్లు పట్టుకుని పోలీసు ముందుకొచ్చాడు. జెర్మాను వచ్చి అడెలీను పక్కన నిలబడి తన చేతులు కూడా చాపాడు.

"ఒక్క జతే తెచ్చారేంటి? ఇక్కడ మేం జంటగా పనిచేస్తాం."

వెనక నలభై మందీ చేతులు చాపుతూ ముందుకు కదిలారు.