లెక్కలోంచి తీసేసిన గుండె

అల్వాల్‌లోని ఒక స్కూల్లో ఆటల టీచరు గ్లోరియా. తన ఒంటి మీద ఆమెకు మహా ధీమా. పెద్దవాళ్లలో మామూలు గుండె గదులు ఎంతెంత ఉంటాయో ఎంఆర్‌ఐతో కొలుస్తున్నామని, అందుకు ఆరోగ్యవంతులు కావాలని సికింద్రాబాద్‌లోని ఓ ఆసుపత్రి వాళ్లు చర్చికొచ్చి అడిగితే, అందరికంటే ముందు చెయ్యెత్తింది. భర్త ఆర్థర్‌నూ వెంటబెట్టుకు వెళ్లింది.

కొన్నాళ్లకు ఆర్థర్‌కు అంతా సవ్యంగా ఉందని ఫోనొచ్చింది. ఆమెకు రాలేదు. తేడా ఉంటే చెప్పకుండా ఉంటారా అనుకుని ఊరుకుంది.

తర్వాత తర్వాత గ్రౌండులో పిల్లల వెంట పరిగెత్తాలంటే ఆయాసం మొదలైంది. ఆ మాటంటే, వయసు మీదపడుతోందని ఆర్థర్ నవ్వేవాడు. రెండేళ్లు గడిచాక ఒకరోజు మల్కాజ్‌గిరి స్టేషన్ మెట్ల మీద ఊపిరాడక కూలబడిపోయింది.

వేరే ఆసుపత్రిలో చూపిస్తే, గుండెలో ఎడమవైపు కింది గది బాగా సాగిపోయిందని, రక్తాన్ని తోసే బలం తగ్గిపోయిందని తేల్చారు. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదని, మొదట్లోనే మందులు పడుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో అని కూడా అన్నారు.

ఆమె నేరుగా పాత ఆసుపత్రికి వెళ్లింది. అప్పట్లో కొలతల పని చూసిన డాక్టర్ రామభద్రరావు కంప్యూటర్లో వెతికాడు. దొరికాక తెరను ఆమె వైపు తిప్పాడు.

"మీ గుండె గది అప్పటికే పెద్దదిగా ఉందమ్మా. మామూలువాళ్లతో కలిపితే సగటు పాడవుతుందని మిమ్మల్ని తీసేశాం."

"తీసేసిన సంగతి నాకెందుకు చెప్పలేదు?"

అది పరిశోధనే తప్ప వైద్యం కాదనీ, చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారనీ, వాళ్లు చెప్పే ఉంటారనుకున్నాననీ ఆయన నసిగాడు. ఇకనుంచి ఆమె వైద్యం తామే చూసుకుంటామన్నాడు.

"మీ సగటు పాడవకుండా చూసుకున్నారు డాక్టరుగారూ. నేను పాడైపోతున్నా మీకు పట్టలేదు" అని గ్లోరియా లేచింది. బయట కూర్చున్న ఆర్థర్ సంగతి విని, నిలదీస్తానని లోపలికి వెళ్లబోతే, వద్దని చెయ్యి పట్టుకు ఆపింది. అరుచుకునే ఓపిక కూడా ఆమెకు లేదు.

స్కూలువాళ్లు ఆమెను గ్రౌండు నుంచి లైబ్రరీకి మార్చారు. ఇప్పుడు బజారుకెళ్తే సంచులన్నీ ఆర్థరే మోస్తాడు, నాలుగడుగులకోసారి ఆగి వెనక్కి చూస్తాడు. వయసు మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె వద్దనదు. అతని ముఖంలోకి చూడదు.