పాలు ఒలికిన వోల్గా

"వెనక సీటు ఇంకోసారి తుడువు. వాసన రాకూడదు," అన్నాడు మా ఆయన.

వాసన లేదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ లేదు. అయినా బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, పాత బనీను గుడ్డ ముంచి మొదలుపెట్టాను. ఇలాంటి పనుల్లో ఒక సుఖం ఉంది. చెయ్యి దాని దారిన అది తిరుగుతూ ఉంటుంది, నేను ఎక్కడా ఉండక్కర్లేదు. మామగారు గొర్రెల ఫారానికి పెద్దగా ఉన్న రోజుల్లో వచ్చింది ఆ వోల్గా కారు. లేత నీలం రంగు. మా కరకోల్ ఊళ్ళో అలాంటిది ఇంకొకటి లేదని మా ఇంట్లో అందరూ అంటారు. మా ఆయన జపార్‌కి చూపు మందగించింది. డాక్టరు ఇక నడపొద్దన్నాడు. వారం రోజులు గోడవైపు తిరిగి పడుకుని, ఆ తర్వాత లేచి అమ్మేస్తానన్నాడు.

ఒకసారి, చాలా ఏళ్ళ క్రితం, నాకు నేర్పించమని అడిగాను. "ఆడచెయ్యి తగిలితే ఇంజను మొరాయిస్తుంది," అన్నాడు. చలికాలం తెల్లవారుజామున రేడియేటర్‌లో వేడినీళ్ళు పోసేది నా చెయ్యే. మంచులో కూరుకుపోతే వెనక నుంచి తోసేదీ నేనే. అవి చెయ్యి తగలడం కింద లెక్క కాదు కాబోలు. ఇది కోపంగా అనడం లేదు. బయట చినుకులు పడుతున్నాయని చెప్పినట్టు చెబుతున్నానంతే.

అమ్ముతానన్నాడే గాని అమ్మలేకపోయాడు. బిష్కెక్ నుంచి ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. అద్దాల గదిలో పెట్టుకుంటానన్నాడు. "ఇదేమైనా బొమ్మా?" అని మా ఆయన పంపించేశాడు. అల్మాటీ అతను పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పుతానన్నాడు. "కనపడ్డవాడినల్లా ఎక్కించుకుని తిరగడానికి నా బండి ఏమైనా గతిలేనిదా?" అన్నాడు. మూడో అతను ఇంజను మార్చి జపాన్‌ది పెడతానన్నాడు. అతను గేటు దాటకముందే మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఎలాంటివాడి చేతిలో పడుతుందో చూసుకోవద్దా, బురుల్?" అని నన్నే అడిగాడు. చూసుకోవాలి అన్నాను. ఈ ప్రశ్న నా విషయంలో ఎవరైనా అడిగారా అని ఆలోచించి చూశాను. ఎవరూ గుర్తుకు రాలేదు.

అది వాకిట్లోంచి పోవాలి. లోపల తడిమి చూసుకుంటే నాకు దొరికే కోరిక అదొక్కటే. ఎవరికి పోయినా సరే అనుకున్నాను, కలీపా వచ్చేదాకా.

కలీపాది పక్కనున్న కిజిల్-సూ అనే ఊరు. కొడుకు ఎమిల్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. అతను బండి చుట్టూ తిరుగుతూ బానెట్‌ని గుర్రం మెడ నిమిరినట్టు నిమిరాడు. మా ఆయన ముఖం అక్కడే వికసించింది. నేను టీ, నూనెలో వేయించిన బూర్సోకులు పెట్టాను. మా ఆయన కథ మొదలుపెట్టాడు. ఆ కథకి మా ఇంట్లో మాటలు కూడా మారవు.

"ఈ బండిలోనే మీ పిన్నిని ఎత్తుకొచ్చానురా అబ్బాయ్! నేనూ, ముగ్గురు స్నేహితులూ. మీ పిన్ని అరుపులు వినాలి, పర్వతాలు దద్దరిల్లాయి! వెనక సీటు నిండా పాలు ఒలికిపోయాయి. మా అమ్మ చూసి ఏమందో తెలుసా? తెలుపు ఒలికిందిరా, ఇక ఈ ఇంటికి ఏ లోటూ ఉండదు అంది."

"అబ్బ, ఎంత మంచి శకునం!" అంది కలీపా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చోట నవ్వడం నాకు అలవాటు.

ఆ పాలు నేను అద్దెకున్న ఇంటి ముసలమ్మకి తీసుకెళ్తున్నవి. క్యాను చేతిలోనే ఉంది. కాళ్ళతో తలుపుని తన్నుతుంటే మూత ఊడిపోయింది. నా మణికట్టు మీద ఎవరిదో మోకాలు ఉంది. ఎవరిదో ఇప్పటికీ తెలియదు. ఆ ముగ్గురికీ ప్రతి పండక్కీ నేనే భోజనం వడ్డిస్తాను. రాత్రి, ఇక పెళ్ళి అయిపోయినట్టే అన్న గుర్తుగా, తెల్ల గుడ్డ తలమీద కప్పారు. పొద్దున్నే అత్తగారు బకెట్టు ఇచ్చి, "ఎండితే కంపు పోదు, త్వరగా కానియ్యి," అంది. ఆ ఇంట్లో నేను చేసిన మొదటి పని ఆ వెనక సీటు కడగడం. నర్సు చదువు ఇంకో ఏడాది మిగిలి ఉండగా ఆగిపోయింది. మా అమ్మ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "వచ్చిన ఇంట్లో రాయిలా ఉండిపో," అంది. అదొక్కటీ నేను అక్షరాలా పాటించాను.

కలీపా నా పక్కకి జరిగి గొంతు తగ్గించింది. "వదినా, నీకు దాపరికం ఏముంది! మావాడూ ఒక పిల్లని ఎత్తుకు రాబోతున్నాడు. ఈ బండిలోనే తేవాలని పట్టు. నీ సంసారం చూడు, ఇన్నేళ్ళూ చెక్కుచెదరలేదు. నీ చేత్తో ఒక తెల్ల గుడ్డ ఇవ్వు. అదే కోడలి తలమీద కప్పుతాను."

"అమ్మాయికి తెలుసా?"

"తెలిస్తే వస్తుందా?" కలీపా నవ్వింది. "ఒకసారి అడిగించాం, వద్దంది. అది మామూలే కదా. ఇప్పుడు చట్టాలు కూడా ఏవో ఉన్నాయిలే. తలమీద గుడ్డ పడిందా, అందరూ సర్దుకుంటారు. నువ్వు సర్దుకోలేదూ?"

నేను లోపలికి వెళ్ళి పెట్టె తెరిచాను. గుడ్డ పైనే ఉంది. నా సంసారాన్ని ఇంకొక ఇంటికి తోడుపెట్టడానికి అడుగుతున్నారు, పెరుగు తోడు అడిగినట్టు. ఇవ్వనంటే ఇంకెవరైనా ఇస్తారు. గుడ్డ తీసుకుని బయటికి వచ్చాను. అడిగినప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది. అది నన్నే ఆశ్చర్యపరిచింది.

"పేరు పెట్టి దీవించి ఇస్తాను వదినా. ఏం పేరు?"

"ఐపెరి. మా ఊరి మందుల షాపులో చేస్తుంది. బంగారం లాంటి పిల్ల."

"ఎప్పుడు?"

"శనివారం. షాపు మూసి బస్సుకి ఒక్కతే నడిచి వెళ్తుంది."

నేను పేరు పెట్టి దీవించాను. దీవెన నిజంగానే చెప్పాను.

మా ఆయన ఎమిల్ చేతిలో తాళాలు పెట్టి, చెయ్యి వదలకుండా చాలాసేపు పట్టుకున్నాడు. "ఇలాంటివాడి కోసమే చూశాను," అన్నాడు. బండి గేటు దాటింది. వాకిట్లో అది నిలబడ్డ చోటు పొడిగా, పాలిపోయి ఉంది. ఏదైనా అనిపిస్తుందేమోనని చూశాను. అనిపించలేదు. చీపురు తెచ్చి ఊడ్చాను.

మర్నాడు పొద్దున్న నేను కోటు తొడుక్కుంటుంటే ఆయన తల ఎత్తాడు.

"ఎక్కడికి?"

"మందుల షాపుకి."

"మన సందు చివరే ఉందిగా, కోటు ఎందుకు?"

"నాకు కావలసింది అక్కడ ఉండదు."

"మరి టీ ఎవరు పెడతారు?"

తలుపు వేసుకుని వచ్చేశాను. కిజిల్-సూ వెళ్ళే వ్యానులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఏమని చెప్పాలో మనసులో పేర్చుకోబోతే, వచ్చేవన్నీ మా ఆయన మాటలే. ముగ్గురు స్నేహితులు, పర్వతాలు, మంచి శకునం. ఆ కథ నేను నా నోటితో ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఆ కథలో ఒక్క వాక్యం కూడా లేదు.

షాపులో నలుగురైదుగురు ఉన్నారు. తెల్లకోటు వేసుకున్న పిల్ల, బుగ్గల మీద ఎండకి కమిలిన ఎరుపు, మాత్రలు కత్తిరిస్తోంది.

"ఏం కావాలి అక్కా?"

రెండు చేతులూ కౌంటరు మీద పెట్టాను. వెనక నుంచి ఒకావిడ, "అమ్మా, త్వరగా చెప్పు, బస్సు పోతుంది," అంది.

"ఐపెరీ, శనివారం ఒక్కదానివే నడిచి వెళ్ళకు," అన్నాను. "మీవాళ్ళని ఎవరినైనా రమ్మను. కలీపా కొడుకు నిన్ను ఎత్తుకుపోవడానికి కారు కొన్నాడు."

కత్తెర ఆగింది. "మీకెలా తెలుసు?"

"అమ్మింది మేమే."

షాపులో అందరూ నావైపు తిరిగారు. బస్సు ఆవిడ కూడా. ఇది చిన్న ఊరు. సాయంత్రానికి ఈ మాట మా ఇంటి గేటు దాకా వెళ్తుంది, మా ఆయన వింటాడు, ఆ ముగ్గురూ వింటారు. తెలిసే కొంచెం గట్టిగా చెప్పాను.

"నన్నూ ఆ కారులోనే తీసుకుపోయారు. నేను ఒప్పుకోలేదు."