గుండెకు కాస్త పులుపు

గుండె మీద కవిత్వం రాసేవాళ్ళని ఒక్క పూట మా ల్యాబ్‌లో కూర్చోబెడితే దారికొస్తారు. చిటికెన వేలి కొసంత ఎలుక గుండె గాజు గొట్టానికి వేలాడుతూ, ఎలుకతో ఏ సంబంధమూ లేకుండా, తన మానాన తను కొట్టుకుంటూ ఉంటుంది. దానికి ప్రేమా లేదు, దిగులూ లేదు. ఉప్పూ చక్కెరా కలిపిన వెచ్చటి నీళ్ళు అందుతుంటే, ఆ నీళ్ళలో ఆక్సిజన్ బుడగలు ఆడుతుంటే దానికి చాలు. ఆ నీళ్ళు కలిపేది నేను. పందొమ్మిదేళ్ళలో ముగ్గురు ప్రొఫెసర్లు మారారు గానీ నా నీళ్ళ లెక్క మారలేదని నాకో పొగరు.

పిచ్చుక ఐదేళ్ళ కిందట పరిశోధనకు చేరింది. అసలు పేరు అది కాదు. గుప్పెడు మనిషి, ఒక చోట నిలవదు, తెచ్చుకున్న అన్నం డబ్బాలో సగం వదిలేస్తుంది, అందుకని నేనే పెట్టాను. ఆమె చదువు నాకు అర్థమైనంతవరకు ఇదీ. రక్తం అందని గుండె కణం ఆక్సిజన్ లేకుండానే చక్కెర కాల్చుకుంటూ లోపలంతా పులిసిపోతుంది. ఆ పులుపుని బయటికి గెంటడానికి దానికో ద్వారం ఉంది. ఆ ద్వారం ఊరికే పనిచేయదు. పులుపు ఒక పాలు బయటికి పోతే సోడియం ఒక పాలు లోపలికొస్తుంది. ఆ సోడియాన్ని వదిలించుకోబోయి కణం కాల్షియాన్ని నెత్తికెక్కించుకుంటుంది. కాల్షియం మితిమీరితే కండ బిగుసుకుపోయి ఇక విడవదు. తమాషా ఏమిటంటే, ఈ ఘోరం రక్తం ఆగినప్పటికంటే తిరిగొచ్చినప్పుడే ఎక్కువ. బయట పులుపు లేని రక్తం తగలగానే ఆ ద్వారం పూనకం వచ్చినట్టు పనిచేస్తుంది. బుద్ధిలేని కణం ఇల్లు కడుక్కునే హడావిడిలో చచ్చిపోతుంది.

ఆ ద్వారాన్ని కాసేపు మూసి ఉంచే మందు పిచ్చుకది. గుండెకి అరగంట నీళ్ళు ఆపి, తిరిగి వదిలేటప్పుడు అందులో మందు కలుపుతాం. మందు పడని గుండెలు నలభై శాతం బలం తెచ్చుకుంటే గొప్ప. మందు పడ్డవి ఎనభై దాటాయి. మా ప్రొఫెసరు, పెద్దాయన, సంతోషం పట్టలేక ఒకసారి నాక్కూడా నమస్కారం పెట్టాడు. శుక్రవారం థీసిస్ ఇచ్చేస్తే వచ్చే నెలలో పిచ్చుకకి ఉద్యోగం, అదీ మొగుడున్న ఊళ్ళోనే. ఐదేళ్ళుగా వాళ్ళది ఫోను కాపురం.

సోమవారం మధ్యాహ్నం పులుపు కొలిచే మీటరుకి కొత్త కడ్డీ వచ్చింది. పనిచేస్తుందో లేదో చూద్దామని, కడగడానికి పెట్టిన మందు సీసాలో మిగిలిన నీళ్ళలో ముంచాను. ఏడు పాయింట్ నాలుగు చూపించాలి. ఆరు పాయింట్ ఏడు చూపించింది. అంకె తగ్గిందంటే పులుపు పెరిగిందన్నమాట. కడ్డీ పంపినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, మందు లేని సీసాలో ముంచాను. చక్కగా ఏడు పాయింట్ నాలుగు. తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఆ మందు ఉత్త నీళ్ళలో కరగదు, యాసిడ్‌లో కరిగించి పోయాలి. పోసిన అరగంటకే పాడవుతుంది కాబట్టి, నీళ్ళు కలిపి, పులుపు కొలిచి, అన్నీ అయ్యాక ఆఖరి నిమిషంలో పోస్తాను. పోశాక మళ్ళీ కొలవాలని నా పందొమ్మిదేళ్ళ అనుభవానికి తట్టలేదు. మందు లేని సీసాలో యాసిడ్ పడేదే కాదు. బయట కూడా పులుపే ఉంటే ఆ ద్వారం ఎలాగూ నెమ్మదిస్తుంది. మరి ఇన్ని గుండెలని బతికించింది మందా, నా నిర్వాకమా?

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. టీ తాగినంతసేపు మూసుకున్నాను. అంతకుమించి నా వల్ల కాలేదు.

"అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో."

"కూర్చునే టైమెక్కడిదక్కా, ప్రింటుకివ్వాలి."

"ఇవ్వకు," అని మొత్తం చెప్పేశాను.

పిచ్చుక నిజంగానే కూర్చుంది. "మందు పోశాక కొలవలేదా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. తిట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పోనీ, పులుపే మందని రాసుకోకూడదా?" అన్నాను.

"అది వేరేవాళ్ళు ఎప్పుడో రాసేశారక్కా. నా మొదటి చాప్టర్లో వాళ్ళ పేర్లు నేనే పెట్టాను." తలుపు వైపు చూసింది. "ఇంకెవరికి తెలుసు?"

"నీకూ నాకూ."

చాలాసేపు గోరు కొరుక్కుంది. "రేపు మందు లేకుండా యాసిడ్ ఒక్కటే పోద్దాం. గుండె కోలుకోకపోతే నా మందు గెలిచినట్టే కదా?"

"గెలిచినట్టే," అన్నాను.

మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టాం. ఒక్క గుండె మాట నమ్మకూడదని మూడు పెట్టాం. యాసిడ్ పోశాక ఈసారి నాలుగుసార్లు కొలిచాను, ఆరిపోయిన పొయ్యి మీద ఎసరు పెట్టినట్టు. మొదటి గుండె డెబ్బై తొమ్మిది శాతం కోలుకుంది. రెండోది ఎనభై మూడు. మధ్యలో పిచ్చుక ఫోను మోగింది. మొగుడి పేరు చూసి బోర్లా పెట్టేసింది.

మూడోదానికి నీళ్ళు వదిలేసరికి ఇద్దరం దాని మీదికి వంగిపోయాం. పాలిపోయి, చలనం లేకుండా వేలాడుతోంది.

"ఆగిపోవే," అని గొణిగింది పిచ్చుక. "నీకు దణ్ణం పెడతాను, లేవకే."

నేనూ అదే కోరుకున్నాను. గుండె కొట్టుకోవాలని జీతం తీసుకునే మనిషిని, ఆ క్షణాన ఓ గుండె చావు కోసం ఊపిరి బిగబట్టాను. అది ఒకసారి వణికింది. పక్కకి మెలితిరిగింది. తర్వాత మా ఇద్దరినీ లెక్కచేయకుండా, నిక్షేపంగా, ఎర్రగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. దాని దుంపతెగ, అంత అందంగా కొట్టుకున్న గుండెని నేను నా సర్వీసులో చూడలేదు. పిచ్చుక మూతికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నేను నోటుపుస్తకం అందుకోబోయాను. "వద్దక్కా, నేనే రాస్తా," అని లాక్కుంది. కళ్ళు తుడుచుకుని, తెర మీద అంకె రెండుసార్లు సరిచూసుకుంది. తారీఖు వేసింది. మందు అన్నచోట సున్నా పెట్టింది. దాని పక్కన గుండ్రటి అక్షరాల్లో ఎనభై ఒకటి అని రాసి, కింద సంతకం చేసింది.

నేనైతే, ఆ పిల్ల మొహం చూసి, ముప్పై ఐదు అని రాసేసి ఉండేదాన్ని.