బరువు చూడని బండి

మా అన్నయ్యకు నచ్చజెప్పడం కంటే లారీ టైరు ఒంటిచేత్తో విప్పడం తేలిక. ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అయినా ఆ రోజు ఉదయం వాదనకు దిగాను. నాన్న పోయాక అన్నయ్య బ్యాంకు ఉద్యోగం వదలనంటే టైర్ల షాపు నేనే చేతిలోకి తీసుకున్నాను. పదకొండేళ్లుగా నడుపుతున్నాను. వీధిలో అందరూ నన్ను చక్రాలమ్మ అంటారు. మా అన్నయ్య మాత్రం నాకు చక్రం గుండ్రంగా ఉంటుందని కూడా తనే నేర్పినట్టు మాట్లాడతాడు.

ఎవరో స్నేహితుడి దగ్గర కొన్న అలాయ్ చక్రాలు నాలుగు, టైర్లతో సహా తెచ్చి షాపు ముందు దించాడు.

"ఇవి బిగించు. పదింటికల్లా అయిపోవాలి."

టైరు మీది అంకెలు చదివాను. కారుకున్న పాత చక్రం పదిహేను అంగుళాలు, ఇవి పదిహేడు. రిమ్ము పెరిగితే ఆ మేరకు టైరు పక్కగోడ తగ్గాలి. అప్పుడే చక్రం మొత్తం ఎత్తు మారకుండా ఉంటుంది. వీటిలో తగ్గాల్సినంత తగ్గలేదు. పాతదాని కంటే రెండున్నర సెంటీమీటర్లు ఎత్తు, మూడు సెంటీమీటర్లు వెడల్పు. పైగా ఆ రిమ్ము బయటికి పొడుచుకొచ్చే రకం.

"పదహారు వేసుకో అన్నయ్యా. నీ బండికి చక్కగా కూర్చుంటుంది, చూడటానికీ బాగుంటుంది."

"మావాడి కారుకి ఇవే ఉన్నాయి. రెండేళ్లు తిరిగాడు."

"ఆయన కారు వేరు, నీ కారు వేరు. ఆయన చెప్పులు నీ కాలికి పడతాయా?"

"నాకు పాఠాలు చెప్పకు. బిగించమంటే బిగించు. చేతకాదంటే చెప్పు, పని వచ్చినవాళ్ల దగ్గరికి పోతాను."

ఆ మాట ఇద్దరు కస్టమర్ల ముందు అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. కారును జాకీ మీదికి ఎత్తాను.

సైజు మార్చిన ఏ బండినీ మా షాపులో బరువు చూడకుండా పంపం. అది నాన్న పెట్టిన పద్ధతి. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, చక్రం పైన మడ్‌గార్డు లోపలి అంచుకు మైనం ముద్ద అంటించి, వీధి చివర స్పీడ్ బ్రేకర్ మీదుగా తిప్పి తెస్తాం. మైనం నలిగిందంటే బరువుకు బండి కుంగి టైరు తగిలినట్టు. పక్క షాపు టైలరు, మందుల షాపు అక్క, ఎదురుగా ఉన్న జిరాక్సు ఆయన, వీళ్లను పిలిస్తే చాలు, వచ్చి కూర్చుంటారు. జిరాక్సు ఆయన ఒక్కడెక్కితే ఇద్దరెక్కినట్టే. ఆ మాట ఆయనే గొప్పగా చెప్పుకుంటాడు.

నేను చక్రాలు బిగించి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, ముందువి తగలడం లేదని చూసుకున్నాను. టైలరు అప్పటికే చెప్పులు తొడుక్కుని గుమ్మంలోకి వచ్చాడు.

"చక్రాలమ్మా, ఎక్కమంటావా?"

"అక్కర్లేదు" అన్నాను.

కావాలనే అన్నాను. అన్నయ్య రోజూ ఒక్కడే బ్యాంకుకు వెళ్లొస్తాడు, ఒక్కడి బరువుకు వెనక టైరు తగలదు. ఎప్పుడో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఊళ్లో తిరిగినప్పుడు గరగరమంటుంది, తల వంచుకుని నా దగ్గరికే వస్తాడు అనుకున్నాను. ఆ రోజు ఏమనాలో కూడా మనసులో తయారు చేసి పెట్టుకున్నాను. కారు మలుపు తిరుగుతుంటే నాకు నవ్వొచ్చింది.

పదకొండున్నరకు వదిన నా ఫోనుకు ఫొటో పంపింది. వెనక సీట్లో అమ్మ, అటొకరు ఇటొకరు పిల్లలు, వెనకద్దం దాకా బ్యాగులు. కింద రాసింది: "కొండ మీదికి వెళ్తున్నాం, రెండు రోజులుండి వస్తాం. నువ్వు బిగించిన చక్రాలు భలే ఉన్నాయి."

అన్నయ్యకు ఫోన్ చేశాను. అందలేదు. వదినకు చేశాను. అదీ అందలేదు. కొండ మొదలైతే సిగ్నల్ ఉండదని తెలిసీ మళ్లీ మళ్లీ చేశాను. చేతిలో విప్పుతున్న నట్టు ఎటు తిప్పాలో మర్చిపోయాను. ఆ కొండకు నలభై మలుపులు. ప్రతి మలుపులో బండి ఒక పక్కకు ఒరుగుతుంది, ఒరిగినప్పుడల్లా మడ్‌గార్డు ఇనుప అంచు టైరు భుజాన్ని, అంటే పక్కగోడ పై అంచుని, ఇంత చెక్కుతుంది. ఊళ్లో అయితే శబ్దంతో పోతుంది. అక్కడ టైరు పేలితే పక్కన లోయ.

అన్నయ్య కారుకు విప్పిన పాత చక్రాలు నాలుగూ, వాటి నట్లూ, జాకీ షాపు వ్యానులో పడేశాను. మరొకరి కారు సగం పనిలో ఉంది. "నేను చెప్పుకుంటాలే, నువ్వు వెళ్లు" అన్నాడు టైలరు. ఏమైందని అడగలేదు.

దారి పొడుగునా ముందు కనబడిన ప్రతి తెల్లకారూ అన్నయ్యదే అనిపించింది. దగ్గరికి పోయేసరికి ఎవరిదో అయ్యేది. ఒక మలుపులో రోడ్డు పక్కన పగిలిన అద్దం ముక్కలు కనిపించాయి. వ్యాను ఆపి దిగాను. వంగి చూస్తే పాతవి, దుమ్ము పట్టి ఉన్నాయి. మళ్లీ వ్యాను ఎక్కి పోనిచ్చాను.

ఇరవై ఆరో మలుపు దాటాక రోడ్డు కాస్త వెడల్పైన చోట కారు ఆగి ఉంది. అమ్మకు కడుపులో తిప్పితే చాలాసేపటి క్రితమే ఆగారట, ఆమె బండరాయి మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. పిల్లలు లోయలోకి రాళ్లు విసురుతున్నారు. అన్నయ్య కొత్త రిమ్ములను గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు.

వెళ్లి వెనక చక్రం దగ్గర కూర్చున్నాను. ఎడమ టైరు భుజం చుట్టూతా చెక్కేసి ఉంది. వేలు పెడితే లోపలి నార తగిలింది. ఇంకో నాలుగు మలుపులు కూడా ఆగేది కాదు.

"శబ్దం రాలేదా?"

"మొదటి మలుపు నుంచీ వస్తూనే ఉంది."

"మరి ఆపలేదేం?"

అన్నయ్య వింతగా చూశాడు. "నువ్వు బిగించాక అందులో ఇంకేం ఉంటుంది? రోడ్డు బాగోలేదనుకున్నాను."

"నేనే పదమన్నాను" అంది అమ్మ. "బరువు చూడకుండా అది బండి పంపదురా అన్నాను."

పొద్దున్న నా చేతగానితనం గురించి అంత మాటన్న మనిషి, ఇల్లంతటినీ నా మీద నమ్మకంతో కొండెక్కించాడు. నాకు సిగ్గేసింది. అబద్ధం చెప్పడానికి వీలుంది. మర్చిపోయానంటే అందరూ నమ్మేవాళ్లు.

"చూడలేదమ్మా" అన్నాను. "తగులుతుందని తెలుసు. తగిలితే అన్నయ్య నా దగ్గరికి తల వంచుకుని వస్తాడని, కావాలనే చూడలేదు."

వదిన గబగబా వెళ్లి పిల్లలిద్దరి చేతులూ పట్టుకుంది. అమ్మ నా వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. అన్నయ్య అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. తిట్లు తిని, ఏడ్చి, తేలిక పడేదాన్ని.

నాలుగు చక్రాలూ విప్పి పాతవి ఎక్కించాను. జాకీ దించి చక్రానికి ఐదేసి నట్లూ పూర్తిగా బిగించాను. అమ్మ, వదిన, పిల్లలు ఎక్కి తలుపులు వేసుకున్నారు.

అన్నయ్య ఎక్కలేదు. నా చేతిలోంచి రెంచీ తీసుకుని ముందు చక్రం దగ్గర కూర్చుని, నేను బిగించిన నట్లను ఒక్కొక్కటే లాగి చూశాడు. తర్వాత వెనక చక్రం, తర్వాత అటువైపు రెండూ. నేను పక్కనే నిలబడ్డాను. ఒక్కటీ వదులుగా లేదు. అయినా ఇరవయ్యీ చూశాడు.