జమ్ము పొదల్లో మంగాదేవి

హౌరా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు సూరన్న. ఆయన కూతురు మంగాదేవి జువాలజీ ఎమ్మెస్సీ ప్యాసైన ఏడాదే రైల్వేలో గుమాస్తా ఉద్యోగానికి సెలెక్టయింది. అది తెలిసి ఆమె ప్రొఫెసరు లలితాంబ భవానీపూర్ నుంచి లిలువా క్వార్టర్లకు వచ్చింది. మంగలాంటి పిల్ల బల్ల ముందు కూర్చుని ఫైళ్ళు కదపడం ఆమె మనసుకు పట్టలేదు. తను వయసులో ఉన్నప్పుడు పరిశోధన మొదలుపెట్టి, వెనక నిలబడేవాళ్ళు లేక మానేసింది. ఈ పిల్లకు అలా కాకూడదనుకుంది.

ఉద్యోగం వద్దని, మంగను తన దగ్గర పరిశోధనలో పెట్టమని సూరన్నను అడిగింది.

"ఉజ్జోగం ఒగ్గేత్తే మళ్ళీ రాదమ్మా. మరి మీరు సూసుకుంతారా?"

"చూసుకుంటాను" అంది లలితాంబ.

మంగ రైల్వేకి వెళ్ళలేదు. హౌరా అవతల పల్లపు నేలల్లో, జమ్ము గడ్డి పొదల్లో ఉండే బావురుపిల్లి మీద పని మొదలుపెట్టింది. చేపలు పట్టుకుతినే ఆ జంతువును అక్కడివాళ్ళు మేఛో బిరాల్ అంటారు, కనిపిస్తే కర్రలతో కొట్టి చంపుతారు. మంగ బురదలో అడుగుజాడలు వెతికింది. చేపల చెరువుల వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, కొట్టొద్దని బెంగాలీలో బతిమాలింది. కొందరు విన్నారు కూడా. లలితాంబ ఎవరెవరినో అడిగి తెచ్చిన కెమెరాలో ఒకసారి తల్లి, దాని వెనకే రెండు పిల్లలు పడ్డాయి. ఆ ఫోటో చూసి ఇద్దరూ డిపార్ట్‌మెంటు వరండాలో నిలబడి నవ్వుకున్నారు.

మరుసటి వేసవిలో ఆ పల్లాన్ని పూడ్చడం మొదలైంది. గోదాములు కడతారట. లలితాంబ మంగను వెంటబెట్టుకుని అటవీశాఖ ఆఫీసుకు వెళ్ళింది. అది అడవి కాదు, సొంత భూమి, మా చేతిలో లేదన్నారు. అక్కడినుంచి పార్టీ ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ అందరూ దాదా అని పిలిచే నాయకుడు మర్యాదగా టీ ఇప్పించి, పిల్లి కోసం కూలీల పని ఆపమంటారా అని అడిగాడు. లలితాంబ మంగను తీసుకుని బయటికొచ్చేసింది.

జమ్ము మొత్తం పోయాక యూనివర్సిటీ కమిటీ, స్థలమే లేనప్పుడు ఈ పని ఎలా పూర్తవుతుందంది. విషయం మార్చుకోమంది. ఈలోగా లలితాంబ రిటైరైంది. మంగను తీసుకోమని తెలిసిన ప్రొఫెసర్లందరి గుమ్మాలూ ఎక్కింది. సగంలో ఆగిన విద్యార్థిని తీసుకోలేమని ఒకరు, ఖాళీ లేదని ఒకరు. అలా ఏళ్ళు గడిచాక చివరికి మంగే, ఇంక ఎవర్నీ అడగొద్దు మేడమ్ అని చెప్పేసింది. అప్పటికి రైల్వే పరీక్షకు వయసు కూడా దాటిపోయింది.

కొన్నాళ్ళకు లలితాంబ లిలువా వెళ్ళింది. ముందుగదిలో చాప మీద మంగ పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. వాళ్ళని పంపేసి, టీ పెట్టి తెచ్చింది. మనిషి చిక్కిపోయింది.

"అటువైపు ఎప్పుడైనా వెళ్ళావా?" అంది లలితాంబ.

"ఒక్కసారి వెళ్ళాను. చెరువాయన కబురుపెట్టాడు మేడమ్. కొత్త రోడ్డు మీద లారీ కింద పడిందట, ఆడ బావురుపిల్లి. వెళ్ళేసరికి ఈగలు ముసురుతున్నాయి. కొలతలు తీసుకున్నాను. తోక, పాదాలు, దంతాలు, అన్నీ. ఇంటికొచ్చాక తెలిసింది, అవి ఇవ్వడానికి ఎవరూ లేరని."

నాకివ్వు అనబోయి లలితాంబ ఆగిపోయింది. తీసుకుని తను మాత్రం ఏం చేస్తుంది?

ఆమెను సాగనంపడానికి సూరన్న స్టేషను దాకా వచ్చాడు. దారంతా వర్క్‌షాపు సంగతులు చెప్పాడు, ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక అడిగాడు.

"ఆ సదువు ఇంక అవదా అమ్మా?"

"అవదు సూరన్నగారూ."

ఆయన తలూపాడు. హౌరా లోకల్ ఆలస్యంగా ఉంది. మీరు వెళ్ళండి అని లలితాంబ అన్నా వినకుండా, బండి వచ్చేదాకా ఆమె పక్కనే నిలబడ్డాడు.