మాట వినని ఎర్ర పెట్టె

కయల్‌విళి మీద నాకు అనుమానం మంగళవారం మొదలైంది. పిల్లలిద్దరినీ ఈరోడ్‌లో వాళ్లమ్మ దగ్గర వదిలి, మూడు నెలల కిందట మా ఆఫీసులో చేరింది. నా పక్క కుర్చీయే. వెట్ గ్రైండర్ల కంపెనీ ఒకదానికి ఇద్దరం కలిసి వెబ్ పేజీ చేస్తున్నాం. ఆమెను ఉద్యోగంలో ఉంచాలో వద్దో శుక్రవారంలోగా చెప్పమని మా బాస్ ముత్తువేల్ సార్ నన్నే అడిగారు.

పేజీలో ధర కింది వరుసలో ‘ఐదేళ్ల గ్యారంటీ’ అన్న మాటకు ఎర్ర పెట్టె కట్టాలి. ఆ మాటను స్పాన్ అనే కోడ్ ట్యాగులో పెట్టి వెడల్పు మూడు వందలు, ఎత్తు ఎనభై అని రాశాను. రంగు వచ్చింది. పెట్టె మాత్రం మాటను అంటిపెట్టుకుని వెంట్రుకవాసి కూడా సాగలేదు. ఐదు వందలు రాశాను. ఊహూ.

పదేళ్లు గాంధీపురంలో పెళ్లిపత్రికల ప్రెస్సులో పనిచేసినదాన్ని. అక్కడ పెట్టెకు ఎంత చెప్తే అంత. ఇక్కడ రంగు మాట విని వెడల్పు మాట వినదా? ఎవరో వెడల్పును మాత్రమే కొట్టేస్తున్నారు. పేజీ హంగులన్నీ రాసింది కయల్. తన ఫైలులో నా మాటను కాదనే వరుస ఎక్కడో దాచి ఉంటుంది. వెతికాను, దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా ముదిరింది. పైకి నంగనాచి, లోపల ఎంత గట్టిది!

“ఏంటక్కా, మూడ్రోజుల్నించి దాంతోనే కుస్తీ? నేను చూడనా?” అంది.

“నీ పని నువ్వు చూసుకోమ్మా.”

పంతంకొద్దీ పెట్టెలో పైనా కిందా ఖాళీ పెంచాను. ఎరుపు ఉబ్బి పై వరుసలోని ధరను కప్పేసింది. శుక్రవారం పొద్దున్నే గ్రైండర్ల కంపెనీ ఓనరు పేజీ చూసి ఫోన్ చేసి, ధర ఎందుకు దాచారని సార్‌ను కడిగేశాడు. నాకు ఒళ్లు మండింది. సార్‌కు మెయిల్ పెట్టాను: ‘ఈ అమ్మాయిని నమ్మలేం. నా పని చెడగొడుతోంది.’

కాసేపటికి కయల్ నా భుజం మీదుగా తొంగిచూసింది.

“అయ్యో అక్కా, ఇది స్పాన్ కదా! వాక్యంలో మాటలా కూర్చుంటుంది. వెడల్పూ ఎత్తూ చెవిన పెట్టదు. ఉబ్బినా పై వరుసను జరగమనదు. దీన్ని ‘బ్లాక్’ రకంగా మార్చండి. మా అత్తగారు సోఫాలో కూర్చున్నట్టు, వరుసంతా తనదే అంటుంది.”

ఒక్క మాట రాసింది. పెట్టె సాగింది, ధర బయటపడింది. ఏ కుట్రా లేదు. నాకు రాదు, అంతే.

మెయిల్ సంగతి సరిదిద్దాలని నేను లేచేలోపే సార్ ఆమెను గదిలోకి పిలిచారు. పది నిమిషాలకు బయటికొచ్చి బ్యాగు సర్దుకోసాగింది.

“సోమవారం నుంచి రావద్దన్నారక్కా. నమ్మకం లేదట. ఎవరో ఏదో చెప్పుంటారు. మీరంటే సార్‌కు గురి కదా, నా తరఫున ఒక్క మాట చెప్పరా?”

సిగ్గుతో తలెత్తలేకపోయాను.

“ఆ చెప్పింది నేనే కయల్. పద, ఇద్దరం వెళ్లి సార్‌తో నిజం చెబుదాం.”

ఆమె కదల్లేదు. నా వంక చూడను కూడా లేదు. నేనొక్కదాన్నే వెళ్లి సార్ తలుపు తట్టాను.