పాములాయన, రాజసాలె

కోడుమూరు చుట్టుపక్కల ఎక్కడ పాము కనబడినా జనం ముందు కేకలేస్తారు, తర్వాత వీరభద్రకు ఫోన్ చేస్తారు. పదహారేళ్లుగా నాగుపాముల్ని గోతాంలో వేసుకుని కొండవార వదిలొస్తున్న మనిషి. ధైర్యమంటే ఆయన పేరే చెప్తారు. అంతటి మనిషికి సాలెపురుగును చూస్తే మాత్రం ముచ్చెమటలు పడతాయి. ఈ సంగతి భార్య శివజ్యోతికి తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో బూజు దులిపే రోజున ఆయనకు పొరుగూళ్లో ఏదో ఒక అర్జంటు పని తగులుతుంది.

ఆ ఉదయం రామేశ్వరమ్మ చేనులో బుడ్డలు పీకుతున్న ఆడకూలీలు ఒక బొరియ చూసి, పామేమోనని ఆగిపోయారు. రామేశ్వరమ్మకు మగదిక్కు లేదు, ఆ రెండెకరాల వేరుశనగే దిక్కు. వాన కురిసి మూడు రోజులైంది. పదునుండగానే పీకాలి. నేల ఆరిపోయిందంటే చెట్టు చేతికొస్తుంది, కాయ భూమిలోనే ఉండిపోతుంది. అందుకని వెంటనే వీరభద్రకు కబురు పెట్టింది.

బొరియ మూతికి తెల్లటి దారం అల్లుకుని ఉంది. అది చూసినప్పుడే ఆయన వెనక్కి తిరగాల్సింది. కానీ గట్టు మీద పద్దెనిమిది మంది ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారాయె. కర్రతో మెల్లిగా కదిపాడు. వెంట్రుకల కాళ్లతో అరచేయంత సాలెపురుగు తీరిగ్గా బయటికొచ్చింది.

వీరభద్ర కర్ర వదిలేసి ఒక గట్టు దాటాడు, ఇంకో గట్టు దాటాడు, దారిలో ఆగివున్న ట్రాక్టరు ఎక్కి నిలబడ్డాడు.

"ఏందప్పా అది?" అని అరిచింది కూలీలను పిలుచుకొచ్చిన జులేఖా బీ.

నిజం చెప్తే పదహారేళ్ల పేరు ఆ చేలోనే పోతుంది. "రాజసాలె!" అన్నాడు అప్పటికప్పుడు పుట్టించి. "దగ్గరికి పోవద్దండి. ఎగిరి మీదపడతాది. పాము కరిస్తే మందుండాది, దీనికి యాడా మందు లేదు!"

ఆడవాళ్లు సద్దిగిన్నెలు కూడా వదిలేసి ఇళ్లకు ఉరికారు. మధ్యాహ్నానికి టీకొట్టు దగ్గర రాజసాలె చాటంత అయింది. బస్టాండు చేరేసరికి కోడిపుంజును మింగింది. ఏ దేశానిదో ఫోటో ఒకటి ఫోన్లలో తిరిగింది, మన రామేశ్వరమ్మ చేన్లోదే అని.

పొద్దు వాలుతుండగా వీరభద్ర తన కర్ర కోసం బితుకుబితుకుమంటూ ఆ వైపు వెళ్లాడు. చేనులో రామేశ్వరమ్మ ఒక్కతే వంగి పీకుతోంది. అప్పుడే కొన్ని చెట్లు కాయల్లేకుండా ఊడొస్తున్నాయి.

"అక్కా, నీకు భయం లేదా?"

"భయమే. నువ్వు చెప్పినాక ఎవురొస్తారప్పా? బుడ్డలు పోయినాక నేనుండి ఏం జెయ్యల్ల?" అంది తలెత్తకుండా.

వీరభద్రకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అట్నుంచి అటే జులేఖా బీ ఇంటికి పోయాడు. కూలీలందరూ ఆ వాకిట్లోనే కూర్చుని రాజసాలె గురించి మాట్లాడుకుంటున్నారు. శివజ్యోతి కూడా అక్కడే ఉంది.

"అది రాజసాలె కాదు, ఏమీ కాదు. ఉత్త సాలెపురుగు. నాకు భయమై కట్టుకథ చెప్పినా" అన్నాడు గబగబా.

ఒక్కరూ నమ్మలేదు. "నువ్వా? భయమా?" అంది జులేఖా బీ. "రామేశ్వరమ్మను చూసి జాలిపడి చెప్తాండావు. శానా మంచోడివప్పా. కానీ మాకూ పిల్లలుండారు."

అమ్మతోడన్నాడు. వాళ్లు ఆయన మంచితనాన్ని ఇంకాస్త పొగిడారు. అబద్ధం క్షణంలో ఊరంతా తిరిగొచ్చింది, నిజం వాకిలి కూడా దాటేలా లేదు.

అప్పుడు శివజ్యోతి లేచి, చూరులోంచి శనగగింజంత సాలెపురుగును వేలిమీదకు ఎక్కించుకుని, తెచ్చి మొగుడి భుజం మీద వదిలింది.

వీరభద్ర వేసిన కేకకు కోళ్లు చెదిరాయి. తువ్వాలు ఒకవైపు పోయింది, చెప్పులు ఇంకోవైపు పోయాయి, ఆయన వెళ్లి కుడితి తొట్టిలో పడ్డాడు. ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. జులేఖా బీ కళ్లు తుడుచుకుంటూ లేచింది. "పొద్దున మనమెవురన్నా దాన్ని సరిగ్గా చూసినామా? ఈయప్ప ఉరికేది చూసి ఉరికినాం గదా! లేయండే, పదును ఆరిపోతాది."

చేనులో ఆమే ఆ సాలెపురుగును చాటలోకి తోసి చూసింది. "ఇదా! ఏటా కనబడేదే గదా" అని దూరంగా గట్టు మీద వదిలిపెట్టింది. ఆ సాయంత్రం, మర్నాడు ఉదయం వంగినవాళ్లు వంగినట్టే పీకారు. రామేశ్వరమ్మ బుడ్డలు కుప్పకు చేరాయి.

వీరభద్ర మాత్రం తన పని అయిపోయిందనుకున్నాడు. ఇంక తనను ఎవరు పిలుస్తారని గోతాం మడిచి శివజ్యోతి చేత అటక మీద పెట్టించాడు. మూడో రోజు ఫోన్ మోగింది.

"అన్నా, మా గింజల గదిలో నాగుపాము దూరుండాది. తొందరగా రాప్పా" అంది జులేఖా బీ.

"నన్నేనా?"

"నిన్నుగాక ఇంకెవుర్ని? నీకేం భయం లేదు. గదిలో బూజంతా దులిపేసినాం, ఒక్క సాలెపురుగు గూడా లేదు."

"పాము లోపలుండంగానా?" అన్నాడు నిర్ఘాంతపోయి.

"అది మూలన పడుకోనుండాదిలే. మరి బూజుంటే నువ్వు రావు గదా!"

గోతాం దింపమని వీరభద్ర శివజ్యోతిని కేకేశాడు. అటక మీద బూజుంది మరి.